దిష్టి పొట్లాలు

శుక్రవారం పొద్దున్న అర్చన అనుకున్న పని చాలా చిన్నది. మెట్లు దిగి కిరాణా కొట్టు వెనకగదిలోకి వెళ్ళాలి. పై అరలో దాచిన పాత సాంబ్రాణి డబ్బా తీసి, చెంచాడు పొడి ఉప్పునీళ్ళ సీసాలో వేసి దీపం పక్కన పెట్టాలి. మర్నాటికి ఆ పొడిలోంచి ప్రాణులు పుట్టుకొస్తాయి. భోగాపురం వైపు రొయ్యపిల్లల హేచరీ నుంచి యమున వచ్చి చూసి, పనికొస్తుందో రాదో చెప్పి వెళ్తుంది. ఈలోగా మినప్పప్పు నానబోసుకుంటే మధ్యాహ్నానికి గారెలు కూడా అవుతాయి.

ఆ పొడి నిజానికి పొడి కాదు, గుడ్లు. నౌపడ ఉప్పుమళ్ళలో బతికే ఆర్టీమియా అనే బుల్లి ప్రాణివి. పెరిగితే బియ్యపుగింజకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గుడ్లు గోధుమరంగులో కళ్ళకి ఆనీ ఆననట్టుంటాయి. ఎండబెట్టి దాస్తే ఏళ్ళ తరబడి చచ్చినట్టు పడి ఉండి, ఉప్పునీరు తగలగానే లేస్తాయి. అప్పుడే పుట్టిన ఆర్టీమియా పిల్లంత బలమైన మేత రొయ్యపిల్లకి మరొకటి లేదు. అది పొట్టలో సొన మోసుకుంటూ పుడుతుంది, కదులుతుంది, రొయ్యపిల్ల నోటికి సరిగ్గా సరిపోతుంది. హేచరీలవాళ్ళు ఈ గుడ్లని ఎక్కడెక్కడి దేశాల నుంచో సీలు డబ్బాల్లో తెప్పించుకుంటారు. మన ఎండలకి వాటిలో చాలా భాగం తట్టుకోదు.

జువాలజీ చదివి కోటబొమ్మాళి సావుకారింటి కోడలైన అర్చన, అత్తవారి డాబా మీద ప్లాస్టిక్ తొట్టెలు పెట్టి మూడేళ్ళుగా చేస్తున్నది ఒకటే పని. నౌపడ నుంచి తెచ్చిన ఆర్టీమియాని నడి ఎండలో ఉంచడం, సాయంత్రానికి మిగిలినవాటిని వడకట్టి వేరే తొట్టెలో పెంచడం, వాటి పిల్లల్ని మళ్ళీ ఎండలో ఉంచడం. తరం వెనక తరం ఓడినవి పోగా, ఎండని లెక్కచెయ్యని జాతి ఒకటి మిగిలింది. దాని గుడ్లే ఆ డబ్బాలో ఉన్నాయి. తొట్టెల్లో మాత్రం ఇప్పుడు ఒక్క ప్రాణి లేదు. అత్తగారు గౌరి వడియాలకి డాబా ఖాళీ చెయ్యాల్సిందేనని పట్టుబట్టి కడిగించేసింది. "ఈ శనివారంతో తేల్చెయ్యమ్మా. ఆ పిల్ల బాగుందంటే మళ్ళీ నీళ్ళు పోసుకో. నేదంటే ఆ తొట్టెలు పాత సామాన్లోడికి ఇచ్చెద్దాం," అంది.

మరి అంత విలువైనది సాంబ్రాణి డబ్బాలో ఎందుకుందంటే, అది శాకాహారుల ఇల్లు. గుడ్డు అనే మాటే ఆ గుమ్మం దాటి లోపలికి రాదు. డాబా మీద ఉన్నది చేపలమేత అని మాత్రమే అత్తమామలకి తెలుసు. అందుకని అర్చన, వాసన చూసినా ఎవరికీ అనుమానం రాని డబ్బా వెతికి అందులో పోసి, చల్లగా పొడిగా ఉండే వెనకగదిలో పెట్టింది.

ఆ పొద్దున్న పై అర ఖాళీగా ఉంది.

కొట్టులో మామగారు నగరేశ్వరరావు గల్లాపెట్టె ముందు హుషారుగా కూర్చుని ఉన్నాడు. ఆయన తల మీద, గోడకి, ఆయన తండ్రి కాలంనాటి రేకుబోర్డు ఉంది: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళు తప్పిపోయి మళ్ళీ కుదిరాయి గాని ఆ బోర్డు మాట మాత్రం తప్పలేదు.

"మావయ్యగారూ, వెనకగదిలో పై అర మీద సాంబ్రాణి డబ్బా ఒకటి ఉండాలి..."

"నేనే గదమ్మా తీసినాను. దేవుడే అక్కడెట్టినట్టు దొరికింది. ఇదిగో డబ్బా, కావాలా?" అని ఖాళీ డబ్బా బల్ల మీద పెట్టాడు.

"అందులో పొడి?"

"దిష్టి పొట్లాలకి సరిపోయింది."

టీవీలో ఎవరో వాస్తు పండితుడు చెప్పిన దగ్గర్నుంచి ఊళ్ళో దిష్టి పొట్లాలకి గిరాకీ పెరిగింది. గుప్పెడు కల్లుప్పు, చిటికెడు సాంబ్రాణి పొడి కలిపి నగరేశ్వరరావు కట్టేవాడు. ఈ వారం శ్రీకాకుళం నుంచి సాంబ్రాణి రాలేదు. ముందురోజు సాయంత్రం ఆ డబ్బా కంటబడింది, మూత తీస్తే సాంబ్రాణి వాసనే వచ్చింది. ఇంక ఆలోచించడానికేముంది!

"వాటిని ఏం చెయ్యమని చెబుతారు మావయ్యగారూ?" అంది అర్చన.

"ఏటుందమ్మా! శుక్రవారం తెల్లారగట్ల గిన్నెడు నీళ్ళల్లో పొట్లం పొయ్యాల. ఈశాన్యం మూల పెట్టాల. పక్కన దీపం ఆరకూడదు. ఇంట్లో దిష్టంతా ఆ నీళ్ళలోకి దిగిపోతాది. శనివారం దీపాలేళకి పట్టుకెళ్ళి ఎవులూ తొక్కని సోట పారబొయ్యాల."

అర్చన మనసులో లెక్క కట్టింది. కాస్త ఉప్పునీరు, వెచ్చదనం, ఆరని వెలుతురు, ఒక రాత్రీ ఒక పగలూ. ఆర్టీమియాని పొదిగించే పద్ధతి ఆమె చదివిన పుస్తకంలో కూడా ఇంత క్లుప్తంగా లేదు. అందులో లేనిది ఆ చివరి మాటే. రేపు దీపాలవేళకి ఊరంతా కలిసి ఆమె మూడేళ్ళ పనిని కాలవల్లో పారబోస్తుంది.

"ఇంకా పొట్లాలున్నాయా?"

"బుట్టలో ఐదారున్నాయి. ఏటమ్మా, ముఖం అలాగ పెట్టినావు?"

గుడ్లని చెబితే ఆయన కొట్టంతా పసుపునీళ్ళతో కడిగించి వారం రోజులు తలుపులు తియ్యడు. "ఏం లేదండీ. ఆ పొడి నాది, వేరే పనికి తెచ్చుకున్నాను. బుట్టలోవి అమ్మకండి, ఇప్పుడే వస్తాను," అని అర్చన చెప్పులు వేసుకుంది. అమ్మకండి అనే మాట నగరేశ్వరరావు చెవికి కొత్త. అందుకని అది లోపలికి దిగలేదు.

మొదటి పొట్లం కొన్నది చిన్నతల్లి అని తెలిసింది. రైల్వేస్టేషను దారిలో టిఫిన్ల బండి నడుపుతుంది. ఇల్లు రేకులిల్లు. లోపల అడుగు పెడితే పెనం మీద అడుగు పెట్టినట్టుంటుంది. ఈశాన్యం మూల స్టీలు బేసిను, పక్కన ప్రమిద, బేసిను అడుగున గోధుమరంగు నలుసులు.

"తెల్లారగట్లే పోసేసినానమ్మా. ఏటి, తప్పు సేసినానేటి?"

"తప్పేం లేదు చిన్నతల్లీ. ఆ బేసిను ఒక్కసారి నాకిస్తే..."

"ఓలమ్మ! దిష్టినీళ్ళు మద్దెలో గుమ్మం దాటిస్తారేటి? ఇప్పుడు నువ్వట్టుకెళ్తే మా ఇంటి దిష్టి మీ ఇంటికొచ్చెస్తాది. సావుకారుగోరి ఉప్పు తిన్నాను. నా సేతులతో నీకా కీడు సెయ్యలేను కోడలమ్మా."

అర్చన ఎంత బతిమాలినా చిన్నతల్లి ప్రేమ కరగలేదు. చివరికి, "సరే, ఎవరూ తాగకుండా చూడు. రేపు నేను వచ్చి చూసేదాకా పారబొయ్యకు. నీ దగ్గర పొడి ఏమైనా మిగిలితే మాత్రం నాకు తిరిగివ్వు," అని బయటపడింది.

ఆ మాట ఆమె కన్నా ముందు వీధి చివరికి చేరింది. రెండో ఇంటికి వెళ్ళేసరికి, "కోడలమ్మ పొట్లాలు ఎనక్కి అడుగుతందంట" అయింది. నాలుగో ఇంటికి, "పొరపాట్న అసలైన పొడి పడిపోయిందంట, అది సావుకారు తమ ఇంటికోసం దాసుకున్నదంట" అయింది. అక్కణ్ణించి ఒక్క తలుపూ సరిగ్గా తెరుచుకోలేదు. ఒకావిడ కిటికీలోంచే, "మేం కొననే నేదు," అంది. ఆవిడ వెనకాల దీపం వెలుగుతూనే ఉంది.

ఎండనపడి తిరిగొచ్చిన అర్చనకి కొట్టు ముందు జనం కనిపించారు. బుట్ట ఖాళీ. ఆఖరి పొట్లం చేత్తో పట్టుకుని తిరుమలరావు మెట్లు దిగుతున్నాడు. మండలాఫీసులో చేసి రిటైరైన మనిషి, రెండంతస్తుల ఇల్లు, హాల్లో ఏసీ. "నాకన్నా ఎక్కువ దిష్టి ఎవడికుంటుందమ్మా ఈ ఊళ్ళో? నాకివ్వకుండా ఎవడెవడికో అమ్మేశారు," అని నిష్ఠూరంగా అని వెళ్ళిపోయాడు.

నగరేశ్వరరావు కళ్ళు చెమర్చాయి. "అమ్మా అర్చనా, సదువుకున్న పిల్లవి, నీకు యాపారమేటొస్తాదనుకున్నాను. ఎనక్కిచ్చెయ్యండని తిరిగి మరీ సరుకు అమ్మించినావు. మా నాన్నకి కూడా ఈ కిటుకు తెలీదమ్మా."

అర్చన ఖాళీ డబ్బాని తలకిందులుగా తట్టింది. ఒక్క నలుసు రాలలేదు. మినప్పప్పు నానబోసిన సంగతి కూడా ఆమె మరిచిపోయింది.

శనివారం పొద్దున్న పాలు పొంగకముందే చిన్నతల్లి కేక వీధిలోంచి లోపలికి దూసుకొచ్చింది. "కోడలమ్మా! దొరికింది! దిష్టి పాణాలతో దొరికింది!"

అర్చన పరిగెత్తింది. రేకులింట్లో బేసిను చుట్టూ ఇరుగూపొరుగూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నీళ్ళు నీళ్ళలా లేవు. ప్రమిద ఉన్న వైపు బేసిను అంచున పలచని నారింజరంగు పొగలాంటిది ఆనుకుని ఉంది. చిన్నతల్లి ఊపిరి బిగబట్టి ప్రమిద తీసి అవతలి వైపు పెట్టింది. పొగ కదిలింది. విడిపోయి, వేల చుక్కలై, మళ్ళీ ఒక్కటై, గిన్నె మధ్యగా నడుచుకుంటూ దీపం దగ్గరికి చేరింది. ఎవరో "ఓలమ్మ" అన్నారు, అదీ గొంతులోనే.

ఈ దృశ్యం అర్చన మూడేళ్ళుగా రోజూ చూస్తున్నదే. అయినా కిందకి వంగి, అందరితో పాటు నోరు తెరుచుకుని చూసింది. గాలి పంపు లేదు, కొలిచిపోసిన ఉప్పు లేదు. నిన్న మధ్యాహ్నం ఈ రేకుల కింద నీళ్ళు కాగిపోయి ఉంటాయి. అయినా లేచాయి. ఒక్కొక్కటీ సూదిమొనంత, ఒంటికన్నుతో, రెండు చేతులూ తెడ్లలా వేసుకుంటూ వెలుతురు ఎటుంటే అటు వెళ్తున్నాయి. నిన్నటిదాకా చిటికెడు దుమ్ము.

"ఎంత దిష్టో సూడమ్మా," అంది చిన్నతల్లి. భయంగా మొదలుపెట్టిన మాట గర్వంగా పూర్తయింది. "నా బండి మీద ఇంతమంది ఏడుస్తన్నారని నాకే తెలీదు."

ఆ మాటతో కోటబొమ్మాళి రెండయింది. గిన్నెలో ప్రాణులు పుట్టినవాళ్ళూ, పుట్టనివాళ్ళూ. గిన్నె నిండా నారింజరంగు ఉన్న ఇళ్ళవాళ్ళు వీధి తలుపులు బార్లా తీసి, చూడ్డానికి వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చారు. "మా పెద్దాడికి ఉజ్జోగం వచ్చినాది గదా, అప్పట్నించీ ఇంతే," అని ఒకావిడ. "మాకు మొదట్నించీ ఉన్నదే," అని ఇంకొకావిడ. పక్కపక్క ఇళ్ళ తోడికోడళ్ళు ఇద్దరు ఎవరి గిన్నెలో ఎక్కువున్నాయో తేల్చుకోలేక ఒకరి గిన్నెకి ఒకరు దీపం పట్టి చూసుకున్నారు. ఏడాదిగా వాళ్ళకి మాటల్లేవు. తక్కువున్నవాళ్ళు గిన్నె మీద పళ్ళెం మూసి, "ఇంకా దిగుతన్నాది," అన్నారు.

తిరుమలరావు గిన్నెలో మాత్రం ఒక్కటీ లేదు.

ఆయన కొట్టుకొచ్చేసరికి ముఖం మాడిపోయి ఉంది. "నగరేశ్వరరావ్, ఇదేం సరుకు? టిఫిన్ల బండిదానికి బేసినుడు దిష్టి! నాకు లేదా? రెండంతస్తులు కట్టాను, ఏసీ పెట్టాను, పిల్ల పెళ్ళి విశాఖపట్నంలో చేశాను. నన్ను చూసి కుళ్ళుకునేవాడు ఒక్కడంటే ఒక్కడు లేడంటావా ఈ ఊళ్ళో?"

"నేకేటండీ, నేనే ఉన్నాను గదా," అన్నాడు నగరేశ్వరరావు ఓదార్పుగా.

"అయితే గిన్నెలో ఏదీ?"

సరిగ్గా ఆ సమయానికి యమున కారు కొట్టు ముందు ఆగింది. హేచరీలో మేత విభాగమంతా ఆమె చేతిలోనే ఉంది. మాటలు నమ్మని మనిషి. సంచిలో థర్మామీటరు, భూతద్దం పెట్టుకుని తిరుగుతుంది. "ఏదీ నీ సీసా?" అంది దిగుతూనే.

"సీసా లేదు," అంది అర్చన. "ఊరుంది. రండి."

చిన్నతల్లి బేసినులో యమున మొదట థర్మామీటరు పెట్టింది, తర్వాత వేలు పెట్టి తీసేసింది. భూతద్దంతో చాలాసేపు చూసింది. రెండో ఇంట్లో ఇత్తడి చెంబు, మూడో ఇంట్లో పగిలిన గాజుగిన్నె, నాలుగో ఇంట్లో ఊరగాయ జాడీ మూత. పెంకుటిల్లు, రేకులిల్లు, వరండా. ప్రతిచోటా ఆ నారింజరంగు పొగ దీపం వైపు నడుస్తూనే ఉంది. ఆఖరికి ఆమె వీధి మధ్యలో ఆగిపోయింది.

"మా దగ్గర గాలి కొట్టి, చల్లబరిచి, డాక్టర్లలా కాపలా కాసినా ఈ వేడిలో సగం లేవవు. ఇన్ని రకాల గిన్నెల్లో, ఇన్ని రకాల ఇళ్ళల్లో ట్రయల్ పెట్టాలని నీకు ఎలా తట్టింది అర్చనా?"

"నేను పెట్టలేదు," అంది అర్చన. "మా మావయ్యగారు పెట్టారు."

తిరుమలరావు వాళ్ళ వెనకే నడుస్తున్నాడు. "మరి నా సంగతి?" అన్నాడు. ఆయన హాల్లోకి అడుగు పెట్టగానే అర్చనకి ఒళ్ళు జివ్వుమంది. ఏసీ గాలి నేరుగా గిన్నె మీదకి వీస్తోంది. ఎండలో పెట్టి పెట్టి ఏరిన జాతి, ఈ చలిలో దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది.

"తీసుకెళ్ళి గచ్చు మీద ఎండలో పెట్టండి బాబాయిగారూ. సాయంత్రానికి చూద్దాం."

"అంటే ఉందంటావా?"

"ఉంది. లోపల ఉంది."

ఆయన గిన్నెని రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క తొణక్కుండా, పసిపిల్లవాడిని ఎత్తుకెళ్ళినట్టు ఎండలోకి నడిచాడు.

ఇంక మిగిలింది ఒకటే ఆపద. పొద్దు వాలుతోంది. "ఎలాగైనా వీటిని బతికుండగానే పోగుచెయ్యి," అంది యమున కొట్టు గుమ్మంలో నిలబడి. "ఒక్క ఇంటివి బతికినా చాలు, మా షెడ్లన్నీ నీ జాతికే ఇస్తాను. కాలవలో పోశారో, మళ్ళీ ఈ గుడ్లు ఎక్కణ్ణించి తెస్తావు?"

గుడ్లు అనే మాట కొట్టులో పప్పుల డబ్బాల మధ్యగా వెళ్ళి, లోపలి గుమ్మంలో నిలబడ్డ గౌరికి తగిలింది.

"ఏటన్నాదమ్మా ఆ పిల్ల?"

అర్చన తల వంచుకుంది. "గుడ్లు, అత్తయ్యా."

"మూడేళ్ళు నా నెత్తిమీద గుడ్లు పెట్టినావన్నమాట."

"అవునత్తయ్యా."

నగరేశ్వరరావు ఖాళీ డబ్బా వైపు, తన చేతుల వైపు, మళ్ళీ డబ్బా వైపు చూసుకున్నాడు. గౌరి పొద్దుట చిన్నతల్లి బేసిను చూసొచ్చిన సంగతి ఎవరికీ తెలీదు. రెండు సార్లు చూసొచ్చింది.

"ఇప్పుడు గుడ్లేనా?"

"కాదు. పిల్లలు."

"కాలవలో పోస్తే?"

"మంచినీళ్ళలో బతకవు అత్తయ్యా. ఉప్పునీళ్ళలోనే."

"అంత ఎండకి ఓర్సుకుని లేసినవి, మనం పారబోసి సంపుతామేటి?" అని గౌరి కొంగు బిగించి కొట్టు మెట్ల మీదకి వచ్చింది. ఆమె గొంతు రైల్వేగేటు దాకా వినిపిస్తుంది. "ఇనండమ్మా! దిష్టినీళ్ళు ఎవులూ తొక్కని సోట పొయ్యాల. ఈదిలో ఎక్కడ పోసినా ఎవులో ఒకరు తొక్కుతారు. మా డాబా మీద తొట్టెలున్నాయి. మా కొట్టులో కొన్న దిష్టి, మా కొట్టుకే తెచ్చియ్యండి!"

"వాపసా?" నగరేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "మన కొట్టులోనా?"

"సరుకు కాదు. దిష్టి."

"మరి ఊరందరి దిష్టీ మనకి సుట్టుకోదేటే?"

"రెండు సేతులా అమ్మినావు గదా. ఇప్పుడు మొయ్యి," అని గౌరి తొట్టెల్లో ఉప్పునీళ్ళు కలపడానికి కోడలి వెంట మెట్లెక్కింది.

దీపాలవేళకి కొట్టు పక్క మెట్ల మీద వరస కట్టారు. ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో దీపం. ఎవరూ మాట్లాడలేదు, తొణుకుతుందేమోనని. మొదట చిన్నతల్లి వంగి బేసిను వంచింది. తర్వాత ఇత్తడి చెంబు, గాజుగిన్నె, జాడీ మూత. తోడికోడళ్ళిద్దరూ ఒకేసారి పోశారు. పోసినవాళ్ళు కిందికి వెళ్ళకుండా పిట్టగోడ వెంబడి నిలబడిపోయారు. అర్చన అందరి దీపాలూ కాస్త దూరం పెట్టమని, ఒక్క దీపాన్ని తొట్టె అంచున పట్టుకుంది.

ముందు ఏమీ కనిపించలేదు. నల్లటి నీళ్ళు. తర్వాత నాలుగు మూలల నుంచీ పలచగా నారింజరంగు పుట్టింది. ఎవరి గిన్నెలోది ఏదో తెలియకుండా కలిసిపోయి, చిక్కబడి, ఊళ్ళో ఇళ్ళన్నింటిలో నిద్రలేచిన ప్రాణమంతా ఒక్క తెరలా దీపం కిందికి వచ్చి ఆగింది. అర్చన దీపాన్ని అంచు వెంట నడిపించింది. తెర ఆ వెనకే నడిచింది. యమున భూతద్దం సంచిలోనే ఉండిపోయింది. గౌరి రెండు చేతులూ జోడించి, ఎవరికి జోడించిందో తనకే తెలియనట్టు, మెల్లిగా దించుకుంది.

ఆ నిశ్శబ్దంలో అబద్ధం మోయడం అర్చన వల్ల కాలేదు. "ఇది దిష్టి కాదు," అంది అందరికీ వినిపించేలా. "ఆర్టీమియా అంటారు. మన నౌపడ ఉప్పుమళ్ళవే. వీటి గుడ్లు పొరపాటున పొట్లాల్లో పడ్డాయి. రొయ్యపిల్లలకి ఇంతకన్నా మంచి మేత లేదు. తప్పు నాది, మావయ్యగారిది కాదు."

చిన్నతల్లి ఆలోచించి, "అయితే మన దిష్టంతా రొయ్యపిల్లలు తినేస్తాయన్నమాట," అంది. "మంచిదే కదమ్మా. ఇంక ఎనక్కి రాదు."

అందరూ తలలూపారు. గౌరి మాత్రం రొయ్యపిల్లల మాట విననట్టు తొట్టెలోకే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు మెట్ల మీద ఆయాసం వినిపించింది. తిరుమలరావు వచ్చాడు. గచ్చు ఎండలో మధ్యాహ్నమంతా గొడుగేసుకుని తనే కాపలా కాసిన గిన్నె. అర్చన దీపం పట్టింది. గిన్నె అంచున, పలచగానే అయినా, నారింజరంగు గీత ఒకటి వణికింది.

"ఉంది!" అన్నాడాయన. "చూశారా? ఉంది! నేను చెప్పలేదూ!" అందరికీ తిప్పి తిప్పి చూపించి, "వేరే తొట్టె లేదా అమ్మా? ఇందులో కలిపితే నాది ఎంతో తెలీదు," అన్నాడు. గౌరి ఈ ఏడు వడియాలు ఆయన డాబా మీద పెట్టుకోనిస్తే వేరే తొట్టె ఇస్తానంది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. వాళ్ళ డాబా పెద్దది, చూసి కుళ్ళుకునేవాళ్ళు ఎక్కువమంది ఉంటారు.

సోమవారం హేచరీ వ్యాను వచ్చి తొట్టెల్లో సగం ప్రాణుల్ని తీసుకెళ్ళింది. అది కదిలాక నగరేశ్వరరావు స్టూలెక్కి, తండ్రి కాలంనాటి రేకుబోర్డు దుమ్ము తుడిచి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" కింద సుద్దముక్కతో ఒక మాట చేర్చాడు: "ప్రాణంతో తిరిగొస్తే తప్ప."